మాక్‌బెత్ విందులో ఖాళీ పీట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హనుమకొండలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. మాకు షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ పాఠ్యాంశం. మూడో అంకం నాలుగో రంగంలో, విందు జరుగుతుండగా, రాజు మాక్‌బెత్ చంపించిన సహచరుడు బాంక్వో ప్రేతమై వచ్చి ఆ రాజు స్థానంలోనే కూర్చుంటాడు కదా. ఆ రంగాన్ని రెండు చిత్రాల్లో చూశాను. 1971 నాటి రంగుల చిత్రంలో ప్రేతం నెత్తురోడుతూ స్పష్టంగా కనిపించింది. రంగస్థల ప్రదర్శనలా ఉన్న 1979 నాటి చిత్రంలో ఏమీ కనిపించలేదు. నటుడు శూన్యంలోకి చూసి కేకలు పెట్టాడు. మొదటిదే మూలానికి కట్టుబడి ఉందని మా అధ్యాపకులు అన్నారు. తరగతిలో చాలామందికి రెండోదే నచ్చింది. ఏది సరైనది? మిగతా దర్శకులు ఈ రంగాన్ని ఎలా తీశారు?

జవాబు: మీ అధ్యాపకుల మాటకు గట్టి ఆధారమే ఉంది. షేక్‌స్పియర్ నాటకాలను దాదాపు అన్నిటినీ కలిపి 1623లో అచ్చువేసిన ఫోలియో ప్రతిలో, బాంక్వో ప్రేతం ప్రవేశించి మాక్‌బెత్ స్థానంలో కూర్చుంటుందని రంగసూచన ఉంది. 1611లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో ఈ నాటకాన్ని చూసిన సైమన్ ఫోర్మన్ అనే వైద్యుడు, జ్యోతిష్కుడు తన పుస్తకంలో ఈ రంగాన్ని ప్రత్యేకంగా రాసుకున్నాడు. మాక్‌బెత్ లేచి నిలబడి బాంక్వో పేరిట మధుపాత్ర ఎత్తుతున్నప్పుడు ప్రేతం వచ్చి అతని వెనుక కుర్చీలో కూర్చున్నదనీ, తిరిగి కూర్చోబోయిన రాజు దాన్ని చూసి భయంతో, కోపంతో ఊగిపోయాడనీ అతని సాక్ష్యం. కాబట్టి షేక్‌స్పియర్ బతికి ఉన్న రోజుల్లో ప్రేక్షకులు ప్రేతాన్ని కళ్లారా చూశారనడంలో సందేహం లేదు.

అయితే అదే రంగంలో లేడీ మాక్‌బెత్ భర్తతో అనే మాటను కూడా మనం అంతే శ్రద్ధగా వినాలి. ‘ఇంతకీ నువ్వు చూస్తున్నది ఒట్టి పీటను’ అంటుందామె. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆమె కళ్లకు అక్కడ పీట తప్ప ఏమీ లేదు. ఒకే గదిలో, ఒకే క్షణంలో ఒకరికి పీట ఖాళీగానూ మరొకరికి నిండుగానూ కనిపించడమే ఈ రంగానికి ప్రాణం. నాటకంలో వేషధారి ఒకసారి వేదిక మీదికి వచ్చాక ప్రేక్షకులందరికీ కనిపించవలసిందే. సినిమాలో అయితే ఒక షాట్‌లో మాక్‌బెత్ చూపునూ మరుసటి షాట్‌లో అతిథుల చూపునూ చూపించవచ్చు. అందువల్ల ప్రేతం కనిపించిందా లేదా అన్నదాని కంటే, ఆ దర్శకుడు మనల్ని ఆ బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోబెట్టాడన్నది చూడడం మేలని నా అభిప్రాయం.

ముందుగా రంగం నడకను గుర్తుచేసుకుందాం. విందు మొదలవుతుండగానే హంతకుడు గుమ్మం దగ్గరికి వస్తాడు. అతని ముఖం మీద నెత్తురు ఇంకా ఉంది. బాంక్వో తల మీద ఇరవై గాయాలతో ఒక గోతిలో పడి ఉన్నాడనీ, కొడుకు ఫ్లియాన్స్ తప్పించుకున్నాడనీ చెబుతాడు. ఆ కబురు విని వచ్చిన మాక్‌బెత్, బాంక్వో కూడా ఉంటే ఈ విందుకు నిండుదనం వచ్చేదని అతిథుల ముందు నటిస్తాడు. కూర్చోమంటే బల్ల నిండిపోయిందంటాడు. ‘ఇదిగో ప్రభూ, మీకోసం చోటు ఉంచాం’ అని లెనాక్స్ అనే ప్రభువు చూపించిన చోటే ప్రేతం ఉంటుంది. చంపించినవాడే నోరారా పిలిచాడు; పిలుపు అందుకుని అతిథి వచ్చాడు. ఇంటికి పిలిచినవారిని ఆదరించడం ధర్మమని నమ్మే మనకు ఈ రంగంలోని భయం ఏ వ్యాఖ్యానమూ లేకుండానే అర్థమవుతుంది.

మీరు చూసిన 1971 చిత్రం రోమన్ పొలాన్‌స్కీ దర్శకత్వంలో వచ్చింది. జాన్ ఫించ్ మాక్‌బెత్‌గా, ఫ్రాన్సెస్కా ఆనిస్ లేడీ మాక్‌బెత్‌గా నటించారు. అందులో బల్ల దగ్గర కూర్చున్న మనిషి మెల్లగా ముఖం తిప్పేసరికి అది పాలిపోయిన బాంక్వో ముఖమని తెలుస్తుంది. ఆ తర్వాత ఒళ్లంతా నెత్తుటి గాయాలతో అతను రాజు వైపు నడిచి వస్తాడు. విందుకు ముందు ఆ మందిరంలోనే ఎలుగుబంటిని కట్టేసి వేటకుక్కలను ఉసిగొల్పే క్రూర వినోదం జరుగుతుంది. చచ్చిన ఎలుగును ఈడ్చుకుపోతే నేల మీద నెత్తుటి చార మిగులుతుంది. పొలాన్‌స్కీ మరో మార్పు కూడా చేశాడు. మూలంలో ఎవరో తేల్చి చెప్పని మూడో హంతకుడిని ఆయన రాస్ అనే ప్రభువుగా మార్చాడు. దాంతో విందులో కూర్చున్న అతిథుల్లోనే ఒకడికి నిజం తెలిసి ఉంటుంది. ప్రేతం ఎంత భీకరంగా ఉన్నా, ఆ చిత్రంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది రాస్ ముఖంలోని ప్రశాంతతే.

రెండో చిత్రం ట్రెవర్ నన్‌ది. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ 1976లో స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక చిన్న నాటకశాలలో ఆడిన ప్రదర్శనను టెలివిజన్ కోసం చిత్రీకరించి 1979లో ప్రసారం చేశారు. ఇయన్ మెకెలెన్, జూడీ డెంచ్ ప్రధాన పాత్రధారులు. చుట్టూ చీకటి, నడుమ మనుషుల ముఖాలు, అంతకు మించి రంగాలంకరణ లేదు. ప్రేతం లేదు. రాజు నోటి వెంట చొంగ కారుతూ ఉంటుంది. అతను దేన్ని చూస్తున్నాడో మనకూ తెలియదు, అతిథులకూ తెలియదు, భార్యకూ తెలియదు. మనం ఆ బల్ల దగ్గర జూడీ డెంచ్ పక్కన కూర్చుంటాం. అందరూ చూస్తుండగా భర్త మతి తప్పుతున్నాడు, ఆ అవమానాన్నీ ప్రమాదాన్నీ ఆమె ఒక్కతే అదుపు చేయాలి. మీ సహాధ్యాయులకు ఈ చిత్రం ఎందుకు నచ్చిందో ఊహించగలను. పొలాన్‌స్కీ చిత్రంలో మన కళ్లు ప్రేతం మీద ఉంటాయి, నన్ చిత్రంలో ఆమె మీద ఉంటాయి.

వీటికి ముందే, 1948లో విడుదలైన చిత్రంలో ఆర్సన్ వెల్స్ మరో దారి పట్టాడు. రిపబ్లిక్ పిక్చర్స్ అనే చిన్న సంస్థ కోసం, మూడు వారాలకు కాస్త మించిన వ్యవధిలో, చవకగా కట్టిన సెట్లలో తీసిన చిత్రమది. వెల్స్ చేయి చాచి చూపిస్తే ఆ వేలి నీడ గోడ పొడవునా సాగుతుంది; తర్వాత చూస్తే పొడవాటి బల్ల దగ్గర అతిథులంతా మాయమై, ఆ చివర బాంక్వో ఒక్కడే కూర్చుని ఉంటాడు. ప్రేతాన్ని చేర్చడానికి మిగతా మనుషులను తీసేశాడన్న మాట. అపరాధి ఒంటరితనాన్ని అంత తక్కువ ఖర్చుతో అంత బలంగా చూపించిన షాట్ మరొకటి నాకు గుర్తు రావడం లేదు. 2015లో జస్టిన్ కుర్జెల్ తీసిన చిత్రంలో బాంక్వో అతిథుల గుంపులోనే, వారిలో ఒకడిలా కదలకుండా నిలబడి ఉంటాడు. ఆ ఆలోచన బాగుంది. కానీ చిత్రమంతటా పరుచుకున్న మసకలో, మందగమనంలో విందుకు ఉండవలసిన సందడి లేదు. సందడి లేనిచోట అది చెదరడమూ తెలియదు.

ఇక అకిరా కురొసావా. 1957లో వచ్చిన ఆయన చిత్రానికి జపానీ భాషలో ‘సాలెగూటి కోట’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అందులో షేక్‌స్పియర్ పంక్తి ఒక్కటీ లేదు. కథ జపాన్ అంతర్యుద్ధాల కాలానికి మారింది. మాక్‌బెత్ వాషిజు అయ్యాడు, బాంక్వో మికి అయ్యాడు, లేడీ మాక్‌బెత్ అసాజి అయింది. అయినా ఈ రంగం ఆత్మను ఆయన పట్టుకున్నంతగా ఇంగ్లీషులో తీసినవారెవరూ పట్టుకోలేదని నేను నమ్ముతాను.

ఆయన హత్యను చూపించలేదు. మికి గుర్రం రౌతు లేకుండా ఇంటికి తిరిగి వస్తుంది. వెంటనే విందు. మికికీ అతని కొడుక్కీ వేసిన ఆసనాలు ఖాళీగా ఉంటాయి. ఒక ముసలి కళాకారుడు ద్రోహి కథను పాడుతూ అభినయిస్తుంటే వాషిజు సహించలేక ఆపేయిస్తాడు. అంతసేపూ మనకు కనిపించేవి ఆ ఖాళీ ఆసనాలే. తర్వాత కెమెరా వాషిజు వైపు కదిలి మళ్లీ వెనక్కి వచ్చేసరికి, ఇందాక ఖాళీగా ఉన్న చోట మికి జుట్టు విరబోసుకుని, సున్నం కొట్టినట్టు తెల్లబడిన ముఖంతో, మౌనంగా కూర్చుని ఉంటాడు. పొగ లేదు, మెరుపు లేదు, గాయాల ప్రదర్శన లేదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో ఈ చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు, నా పక్కన కూర్చున్నవారు తమ కుర్చీలోనే కాస్త వెనక్కి జరగడం ఇప్పటికీ గుర్తుంది. వాషిజు కత్తి దూసి గాలిని నరుకుతాడు. అసాజి మాత్రం ఆ కలకలంలోనూ బిగుసుకుపోయిన ముఖంతో, తన భర్త తాగి ఉన్నాడని అతిథులకు సర్దిచెబుతుంది. ముసుగులు ధరించి ఆడే జపాన్ ‘నో’ నాటక సంప్రదాయంలో వయసు మళ్లుతున్న అందగత్తె ముఖాన్ని, మతి చలించబోయే ముందు క్షణాన్ని సూచించే షకుమి అనే ముసుగును కురొసావా ఈ పాత్రధారిణి ఇసుజు యమాదాకు నమూనాగా చూపించాడు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆమె నిశ్చలత మరింత భయపెడుతుంది.

ఇంకా ముఖ్యమైన మార్పు ఒకటుంది. మూలంలో హంతకుడు ముందు వస్తాడు, ప్రేతం తర్వాత వస్తుంది. కురొసావా చిత్రంలో ప్రేతం ముందు వచ్చి విందు చెదిరిపోయాక, హంతకుడు మూట పట్టుకుని వస్తాడు. మూటలో మికి తల ఉంది, కొడుకు తప్పించుకున్నాడన్న కబురూ ఉంది. పని పూర్తయిందన్న వార్త చెవిన పడకముందే వాషిజు మనసుకు అది తెలిసిపోయిందన్న మాట. ఈ ఒక్క మార్పుతో ప్రేతం బయటి నుంచి వచ్చిందా, లోపలి నుంచి వచ్చిందా అన్న చర్చ అక్కరలేకుండా పోయింది. మీ తరగతిలో వాదన మళ్లీ మొదలైతే ఈ చిత్రాన్ని అందరూ కలిసి చూడమని నా సలహా.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నాను. విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’ చిత్రాన్ని మాక్‌బెత్‌కు అనుసరణ అంటారు. అందులో విందు రంగమే లేదు. మూలంలోని అంత ముఖ్యమైన రంగాన్ని తీసేస్తే అది అనుసరణ ఎలా అవుతుంది?

జవాబు: విందు లేదు గానీ, రంగం ఉంది. 2003 నాటి ఆ చిత్రంలో బాంక్వో స్థానంలో పీయూష్ మిశ్రా నటించిన కాకా ఉన్నాడు. అతన్ని చంపించాక శవాన్ని ఇంటికి తెస్తారు. చుట్టూ ఏడుస్తున్న జనం. ఇర్ఫాన్ ఖాన్ పోషించిన మక్బూల్ ఆ శవాన్ని చూస్తుంటే, అది కళ్లు తెరిచి తనవైపే చూస్తున్నట్టు అతనికి తోచి, అందరి ముందూ హడలిపోతాడు. మూలంలోని రంగానికి అవసరమైన సామగ్రి ఏమిటో ఆలోచించండి. చంపించినవాడు మర్యాదస్థుడిలా నటించవలసిన ఒక బహిరంగ సందర్భం కావాలి, చూసేందుకు నలుగురు కావాలి, వారి ముందే అతని నటన భగ్నం కావాలి. స్కాట్లండ్ రాజుకు అది విందు. ముంబై నేరప్రపంచంలోని కుటుంబానికి చావిల్లు. ఆతిథ్యం ఇవ్వవలసినవాడు అక్కడ తడబడితే, దుఃఖం నటించవలసినవాడు ఇక్కడ తడబడ్డాడు. అక్కడి పీట ఇక్కడ పాడె అయింది. అనుసరణ అంటే ఇదేనని నేను అంటాను.

అయితే ఈ మార్పుతో ఒక నష్టం కూడా జరిగింది. మూలంలో ఆ సభను నిలబెట్టడానికి లేడీ మాక్‌బెత్ ఒంటిచేత్తో చేసే ప్రయత్నానికి చావింట్లో చోటు లేదు. మన హైదరాబాదులో పుట్టిన టబు ఆ చిత్రంలో నిమ్మీగా ఎంత లోతుగా నటించారో చూసినవారెవరికైనా, ఆమెకు ఆ అవకాశం కూడా దక్కి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం. డెంజెల్ వాషింగ్టన్ నటించిన 2021 నాటి నలుపు తెలుపు చిత్రాన్ని మా అమ్మతో కలిసి చూశాను. విందు రంగంలో బాంక్వోతో పాటు పెద్ద నల్లని పక్షి కూడా కనిపించగానే, ‘కాకి రూపంలో వచ్చాడు, పిండం పెట్టలేదు కదా’ అన్నది అమ్మ. దర్శకుడికి మన నమ్మకం తెలిసి ఉంటుందా?

జవాబు: ఆ పక్షికి ఆధారం నాటకంలోనే ఉన్నందువల్ల దర్శకుడు జోయెల్ కోయెన్ అంత దూరం వెళ్లనక్కర లేదు. అప్పటి రాజు డంకన్ తమ కోటకు వస్తున్నాడని వినగానే లేడీ మాక్‌బెత్, అతని చావు రాకను చాటి చాటి బొంతకాకి గొంతు కూడా బొంగురుపోయిందంటుంది. బాంక్వో హత్యకు కాస్త ముందు మాక్‌బెత్, చీకటి చిక్కబడుతోందనీ కాకి అడవి వైపు ఎగిరిపోతోందనీ అంటాడు. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఈ విందు రంగం చివరే ఉంది. దాచిపెట్టిన హంతకులను కాకిజాతి పక్షులు పట్టిచ్చిన సందర్భాలున్నాయని అతను గుర్తుచేసుకుంటాడు. చాలా ప్రదర్శనల్లో ఎవరూ పట్టించుకోని ఆ పంక్తికి కోయెన్ రెక్కలు తొడిగాడు. విందు మందిరం నుంచి రంగాన్ని పొడవాటి నడవాలోకి మార్చి, అక్కడ మనిషినీ పక్షినీ కలగలిపాడు.

మీ అమ్మగారు అన్న మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గోతిలో పడేసిన బాంక్వో శవానికి ఆ రంగం నాటికి ఏ సంస్కారమూ జరగలేదు. నాటకాన్ని అంత సూటిగా అర్థం చేసుకున్న మాట నేను ఈమధ్య వినలేదు. ఆవిడకు నా నమస్కారాలు చెప్పండి.

ప్రశ్న: తెనాలి నుంచి రాస్తున్నాను. నలభై ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నవాణ్ణి. మా బృందం ఈసారి మాక్‌బెత్ విందు రంగాన్ని తెలుగులో ప్రదర్శించాలనుకుంటోంది. మాకు కెమెరా మాయలు లేవు. బాంక్వో వేషధారిని వేదిక మీదికి తీసుకురావాలా, పీటను ఖాళీగా ఉంచాలా? సినిమాల నుంచి మేము తీసుకోదగినదేమైనా ఉందా?

జవాబు: ఈ సందిగ్ధం మీకు కొత్తగా వచ్చినది కాదు. లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో 1794లో జాన్ ఫిలిప్ కెంబుల్ ప్రేతం లేకుండా, ఖాళీ ఆసనంతోనే ఈ రంగాన్ని ఆడాడు. అప్పుడు లేడీ మాక్‌బెత్ ఆయన సోదరి శారా సిడన్స్. ఆ తర్వాత కూడా వాదన తెగలేదు. 2007లో చిచెస్టర్‌లో మొదలైన ప్రదర్శనలో రూపర్ట్ గూల్డ్ రెండు పక్షాలకూ న్యాయం చేశాడు. పాట్రిక్ స్టూవర్ట్ మాక్‌బెత్‌గా నటించిన ఆ ప్రదర్శనలో విరామానికి ముందు విందు రంగాన్ని ప్రేతంతో ఆడారు. విరామం తర్వాత అదే రంగాన్ని అతిథుల చూపులోంచి, ప్రేతం లేకుండా మళ్లీ ఆడారు. మొదటిసారి రాజు భయం మనదైతే, రెండోసారి అతనొక పిచ్చివాడిలా కనిపిస్తాడు. పరిషత్తు పోటీల్లో సమయ నియమం ఉంటుంది కాబట్టి మీకు ఆ వెసులుబాటు దొరకకపోవచ్చు.

మన రంగస్థలానికి అద్భుతాలను చూపించడానికి సంకోచం ఎన్నడూ లేదు. సురభి నాటకాల్లో ఘటోత్కచుడి మాయలను చూసిన ప్రేక్షకులు ప్రేతాన్ని చూసి నవ్వరు. అయినా మీరు అడిగారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. పీటను ఖాళీగానే ఉంచండి. కురొసావా నుంచి ఒక్క విషయం తీసుకోండి. రంగం ఆరంభం నుంచీ ఆ ఖాళీ ప్రేక్షకుడి కంట్లో పడుతూ ఉండాలి. విస్తళ్లు వేసేటప్పుడు, మధువు పోసేటప్పుడు, అతిథులు సర్దుకుని కూర్చునేటప్పుడు, ఆ పీటను ఎవరూ తాకకుండా తప్పుకుని నడవాలి. అలా నడిస్తే మాక్‌బెత్ దానివైపు తిరిగే సమయానికి ప్రేక్షకుడు దాన్ని అప్పటికే పదిసార్లు చూసి ఉంటాడు. వెలుగు మార్చకండి, సంగీతం పెంచకండి. మీ మాక్‌బెత్ పాత్రధారి ఆ పీట మీద ఒక మనిషి ఎంత ఎత్తున కూర్చుంటాడో అంత ఎత్తుకే చూపు నిలపాలి. చూపు గాల్లో తిరిగితే ప్రేతం చెదిరిపోతుంది. అలాగే ప్రేతం రెండోసారి వచ్చేది రాజు కాస్త తేరుకుని బాంక్వో పేరు మళ్లీ ఎత్తినప్పుడేనని మరచిపోకండి. ఆ పేరు పలికే ముందు అతను నిజంగా తేరుకున్నట్టు కనిపించకపోతే రెండో రాకకు బలం ఉండదు.

మీ దృష్టిలో ఉండవలసిన మరో సంగతి చెప్పాలి. పేరుపొందిన చిత్రాల్లో కూడా కొన్ని దీనికి తగినంత చోటివ్వలేదు. అతిథులను మర్యాద వరుస చూసుకోకుండా వెంటనే వెళ్లిపొమ్మని పంపేశాక, ఆ చెదిరిన బల్ల దగ్గర భార్యాభర్తలిద్దరే మిగులుతారు. అంతసేపూ అతన్ని మందలించి, అతిథులను బతిమాలి, సభను నిలబెట్టిన ఆ స్త్రీ ఇప్పుడు ఒక్క నింద కూడా వేయదు. నీకు నిద్ర కరువైందని మాత్రం అంటుంది. ‘పద, పడుకుందాం’ అంటాడతను. నాటకంలో వారిద్దరూ కలిసి కనిపించడం అదే ఆఖరిసారి. మళ్లీ ఆమెను మనం అయిదో అంకంలో చూసేసరికి నిద్రలో నడుస్తూ ఉంటుంది. ఆ నిద్రలో ఆమె పలికే మాటల్లో ఒకటి, ‘బాంక్వోను పాతిపెట్టారు, అతను సమాధిలోంచి రాలేడు’ అన్నది. ఒట్టి పీటనే చూశానన్న మనిషి అంటున్న మాట అది.

అందువల్ల ఆ చివరి పంక్తులకు తొందరపడి తెర దించకండి. మీ లేడీ మాక్‌బెత్ పాత్రధారిణికి అయిదో అంకంలోని ఆ మాటను ముందుగానే చదివి వినిపించండి. భర్త లోపలికి నడిచాక ఆమె ఒక్క క్షణం ఆగి, అంతవరకూ అందరూ తప్పుకుని నడిచిన ఆ పీట వైపు చూసి, తాను కూడా దాన్ని తప్పుకునే లోపలికి వెళ్లాలి.